రెండు ఆకుపచ్చల్లో ఏది మేలో అచ్చుకాగితం చెప్పజాలదు

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలోని ఇంటి అలంకరణ పుటలో, లోపలి గోడలకు వేసుకోదగిన రెండు లేత ఆకుపచ్చ రంగులను పక్కపక్కన అచ్చువేసి, వాటిలో ఏది మేలో తేల్చిచెప్పిన వ్యాసం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. రాజోలు ప్రాంతంలో చాలాకాలంగా రంగుల దుకాణం నడుపుతున్నవాడిని కనుక, ఆ పుటను మడిచి తెచ్చి, ఎడమ పక్కన ఉన్న రంగే కలిపి ఇమ్మని అడిగేవారికి జవాబు చెప్పవలసిన పని నామీద పడింది. వ్యాసకర్త శ్రద్ధను నేను తక్కువ చేయడం లేదు. ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉన్న రంగులను విడదీసి చూడడానికి ఓపిక కావాలి. నా అభ్యంతరమల్లా ఒకటే. ఆకుపచ్చ కోరుకునేవారు రెంటిలో వెచ్చనిదే తీసుకోవాలన్న ఆ తీర్పు అమెరికాలోని ఇళ్లకు, అక్కడి వెలుతురుకు సరిపోయేది. దాన్ని గోదావరి డెల్టాలోని ఇళ్లకు ఉన్నదున్నట్లు వర్తింపజేస్తే కొన్ని గదుల్లో అది తలకిందులవుతుంది.

ముందు ఆ రెండు రంగుల సంగతి చూద్దాం. రెండూ బెంజమిన్ మూర్ అనే అమెరికా సంస్థవి. ఒకటి సేబ్రూక్ సేజ్, దాని సంఖ్య హెచ్‌సీ-114. హెచ్‌సీ అన్నది ఆ సంస్థ చారిత్రక రంగుల వరుసకు గుర్తు. రెండోది అక్టోబర్ మిస్ట్, సంఖ్య 1495. 2022వ సంవత్సరపు రంగుగా ఆ సంస్థ ప్రకటించినది ఇదే. అదే ఏడాదికి షెర్విన్ విలియమ్స్ అనే మరో అమెరికా సంస్థ ఎవర్‌గ్రీన్ ఫాగ్ అనే బూడిద ఆకుపచ్చను ఎంచుకుంది. ఒక రంగు ఎంత వెలుతురును తిరిగి పంపుతుందో చెప్పడానికి ఎల్‌ఆర్‌వీ అనే కొలత ఉంది. పూర్తి నలుపుకు సున్నా, పూర్తి తెలుపుకు 100. ఈ లెక్కన ఎవర్‌గ్రీన్ ఫాగ్ 30 దగ్గర ఉంటుంది కాబట్టి అది ముదురని ఎవరైనా ఇట్టే చెప్పగలరు. సేబ్రూక్ సేజ్, అక్టోబర్ మిస్ట్ రెండూ 45, 46 ప్రాంతంలోనే ఉన్నాయి. అంటే ఒకటి లేత, ఒకటి ముదురు అనడానికి వీల్లేదు. తేడా అంతా మొగ్గులో ఉంది: సేబ్రూక్ సేజ్‌లో ఆకుపచ్చదనం, దాని వెనుక కొంచెం పసుపు వెచ్చదనం ఎక్కువ, అక్టోబర్ మిస్ట్‌లో బూడిదదనం ఎక్కువ, వెండి ఛాయ కనిపిస్తుంది. ఇలాంటి జంటలు మన షేడ్ కార్డుల్లోనూ ప్రతి సంస్థకూ కనీసం ఒకటి ఉంటాయి కాబట్టి, నేను చెప్పబోయేది ఈ రెండు పేర్లకు మాత్రమే పరిమితమైన విషయం కాదని పాఠకులు గమనించగోరతాను.

ఇంత చిన్న తేడాను దినపత్రిక కాగితం మోయగలదా అన్నది నా మొదటి సందేహం. పత్రికలోని రంగు బొమ్మ సయాన్ నీలం, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాల చుక్కలతో ఏర్పడుతుంది. చిలకాకుపచ్చ వంటి గట్టి రంగుకు నీలం, పసుపు రెండూ చాలు. బూడిద ఆకుపచ్చకు నాలుగు సిరాలూ కొద్దికొద్దిగా కలవాలి, వాటిలో ఏ ఒక్కటి పిసరంత ఎక్కువైనా రంగు మొగ్గు మారిపోతుంది. పైగా న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది. చుక్క అనుకున్నదానికంటే వెడల్పుగా పరుచుకుంటుంది. కాగితం కూడా తెల్లగా ఉండక మాసిన బూడిదవన్నెలో ఉంటుంది. అదే పుట రెండు ప్రతుల్లో ఒకేలా ఉండకపోవడం నేను స్వయంగా చూశాను: మా దుకాణానికి వచ్చిన ఒక ప్రతిలో ఎడమ రంగు పసుపు మీదికి పోయింది, మరో ప్రతిలో రెండు రంగులూ ఒకటే అనిపించాయి. ఎండ తగిలే అరుగు మీద నాలుగు రోజులు పడి ఉన్న ప్రతిలోనైతే, కలపగుజ్జులోని లిగ్నిన్ వల్ల కాగితమే పసుపెక్కి, రెండు ఆకుపచ్చలూ ముదురు పిస్తాలోకి దిగిపోయాయి. అచ్చుయంత్రం ఒక ప్రతికీ మరో ప్రతికీ మధ్య తెచ్చే తేడా, పోల్చదలచుకున్న రెండు రంగుల మధ్య తేడా కంటే పెద్దదైనప్పుడు ఆ పోలికకు ఆధారమేమిటి? ఫోన్ తెర మీద చూసేవారి పరిస్థితీ దీనికి భిన్నంగా లేదు. తెర తన వెలుగును తానే పంపుతుంది, గోడ తన మీద పడిన వెలుగులో కొంత తిప్పి పంపుతుంది; రాత్రిపూట కళ్లకు మంచిదని తెరకు పసుపు వేసుకునే అలవాటున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక అసలు విషయమైన వెలుతురు దగ్గరకు వస్తాను. డెల్టాలో ఒక ఇంటి గదిలోకి వచ్చే పగటి వెలుతురు ఆకాశం నుంచి సూటిగా వచ్చేది తక్కువ. కోనసీమలో పెరటి కొబ్బరి తోట, అరటి, పోక చెట్లు, కాలువగట్టు పచ్చిక, ఎదుటి చేను, వీటన్నిటినీ తాకి, వాటి రంగును కొంత తనతో తీసుకుని, వీధి అరుగు చూరు కిందుగా వంగి లోపలికి వస్తుంది. ఆకు ఎరుపునూ నీలాన్నీ పీల్చుకుని ఆకుపచ్చను తిప్పి పంపుతుంది కాబట్టి, అలాంటి కిటికీ ఎదుటి తెల్ల గోడను జాగ్రత్తగా చూస్తే అదీ పూర్తి తెలుపుగా ఉండదు. మనకు అది తట్టకపోవడానికి కారణం కంటికి ఉన్న సర్దుబాటు గుణం.

తోటవైపు తెరుచుకునే హాలులో ఈ రెండు రంగులు ఏమవుతాయో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. సేబ్రూక్ సేజ్ వంటి వెచ్చని ఆకుపచ్చకు అప్పటికే తనది తనకు ఉంది; తోట తెచ్చే ఆకుపచ్చ దానికి తోడై గోడ పచ్చిగా, కొంచెం మొండిగా తయారవుతుంది. నాలుగు గోడలూ ఒకదాని రంగును మరొకటి తిప్పి పంపుకోవడం వల్ల కార్డు మీద కనిపించినదానికంటే గదిలో రంగు చిక్కబడడం ఎటూ ఉన్నదే. అటువంటి గదిలో కూర్చున్నవారి ముఖాలు పాలిపోయినట్లు కనిపిస్తాయి. పెళ్లిచూపులు ఆ హాలులోనే జరుగుతాయని చెబితే ఇంటివారు నవ్వుతారు గానీ, రంగు మార్చుకునేది కూడా ఆ మాట విన్నాకే. అక్టోబర్ మిస్ట్ వంటి బూడిద ఆకుపచ్చ అదే గదిలో తనకు తక్కువైనదాన్ని తోట నుంచి తీసుకుని, చూడడానికి హాయిగా, నిజమైన ఆకుపచ్చగా నిలుస్తుంది. వ్యాసకర్త అక్టోబర్ మిస్ట్ కొన్ని గదుల్లో బొత్తిగా బూడిదగా మారిపోతుందని, కాబట్టి ఆకుపచ్చ కోరుకునేవారు సేబ్రూక్ సేజ్ తీసుకోవాలని రాశారు. చుట్టూ మంచు కప్పిన నేలో, గోధుమవన్నె ఇటుక గోడలో ఉన్న చోట ఆ మాట నిజమే కావచ్చు. కొబ్బరి తోట మధ్య ఉన్న పెంకుటింటికి అది వర్తించదు.

అయితే డెల్టా అంతా కొబ్బరి తోట కాదు, నేను చెప్పిందే చివరి మాట అనుకోకూడదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వరిచేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారిన ఊళ్లలో ఇంటి ముందు ఆకుకు బదులు నీరు పరుచుకుని ఉంటుంది. నీరు ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది. ఆ తెల్లని, నీలం కలిసిన మెరుపు కిటికీ లోంచి పైకప్పు మీద పడి అక్కడి నుంచి గోడల మీదికి దిగుతుంది. ఆ వెలుతురులో అక్టోబర్ మిస్ట్ తన ఆకుపచ్చను పోగొట్టుకుని సిమెంటు గోడను తలపిస్తుంది, సేబ్రూక్ సేజ్ మాత్రం నిలబడుతుంది. ముప్పై ఏళ్ల కింద వరిచేను ఎదురుగా ఉన్నప్పుడు వేయించిన రంగునే మళ్లీ వేయించి, ఇది ఆ రంగు కాదు, మీరు కలపడంలో ఏదో తేడా చేశారు అని మేస్త్రీతో గొడవపడేవారికి, మారింది ఎదుటి పొలమని చెప్పి ఒప్పించడం అంత సులువు కాదు. చేను చేనుగానే ఉన్న చోట కూడా ఏడాది పొడుగునా ఒకే వెలుతురు ఉండదు. సార్వా నాట్ల తర్వాత ముదురు ఆకుపచ్చ, పంట పండేటప్పుడు బంగారు పసుపు, కోత అయ్యాక దుబ్బుల గోధుమవన్నె, దాళ్వాతో మళ్లీ ఆకుపచ్చ, కాలువలు కట్టేసిన ఎండాకాలంలో బీటలు వారిన నేల, ఇలా కిటికీ బయట రంగు మారినప్పుడల్లా లోపలి గోడ కూడా కొద్దిగా మారుతుంది. మనవారు రంగులు వేయించేది ఎక్కువగా సంక్రాంతి ముందు. మంచు పట్టిన ఉదయపు వెలుతురులో, కోసిన చేను ఎదురుగా ఎంచుకున్న రంగుతో శ్రావణమాసంలో కూడా బతకవలసి ఉంటుంది.

వ్యాసంలో ఉత్తరపు కిటికీ గురించిన సలహా ఒకటుంది. ఉత్తరం వెలుతురు చల్లగా, నీలంగా, నిలకడగా ఉంటుంది కనుక ఆ గదులకు వెచ్చని ఆకుపచ్చ వేయాలని దాని సారాంశం. ఇది పాశ్చాత్య దేశాల గృహాలంకరణలో తరతరాలుగా చెబుతున్న మాట. కర్కాటక రేఖకు పైన ఉన్న ఆ దేశాల్లో మధ్యాహ్న సూర్యుడు ఎన్నడూ ఉత్తరానికి రాడు కాబట్టి అక్కడ అది సరైన మాట. మన డెల్టా పదహారున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు; ఉదయ సాయంత్రాలలోనైతే, పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు నుంచి శరద్ విషువత్తు దాకా ఉత్తరపు గోడకు ఏటవాలు ఎండ తగులుతుంది. రోహిణీ కార్తెలో ఉత్తరపు గదిలో కూర్చున్నవారెవరైనా ఆ వెలుతురును చల్లనిది అనగలరా? మన దగ్గర ఉత్తరపు గది ఏడాదిలో సగం ఒక రకం, సగం మరో రకం. దానికి తోడు వాస్తు చెప్పేవారు ఉత్తరం బుధుడిది కనుక ఆకుపచ్చ వేయమంటారు. ఏ ఆకుపచ్చో మాత్రం మా దుకాణానికి వదిలేస్తారు.

గోడ పక్కన ఏముందన్నది కూడా వెలుతురంత ముఖ్యం. పారిస్‌లోని గోబెలిన్ తివాచీల కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉన్న మిషెల్ యూజీన్ షెవ్రోల్, నల్ల దారం రంగు సరిగా లేదన్న ఫిర్యాదును పరిశీలించబోయి, లోపం అద్దకంలో కాదు, పక్కన నేసిన రంగులో ఉందని గ్రహించి, పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి తమ విరుద్ధ వర్ణంవైపు నెట్టుకుంటాయన్న సూత్రాన్ని 1839లో ప్రకటించాడు. ఆకుపచ్చకు విరుద్ధం ఎరుపు. మన పాత ఇళ్లలో రెడ్ ఆక్సైడ్ గచ్చు, పాలిష్ పెట్టిన టేకు తలుపులు, పైన టేకు దూలాలు ఉంటాయి. వీటి నడుమ ఎంతటి బూడిద ఆకుపచ్చైనా ఆకుపచ్చగానే కనిపిస్తుంది. అంటే మండువా లోగిళ్లకు, అరుగుల ఇళ్లకు తక్కువ మొగ్గు ఉన్న రంగే చాలు. కొత్త డాబాల్లో దంతపు తెలుపు టైల్సు, తెల్లని ప్లాస్టిక్ కిటికీలు ఉంటాయి. అక్కడ ఆకుపచ్చను ఎత్తిచూపేది ఏదీ లేదు కాబట్టి, కొంచెం వెచ్చనిదాన్ని తీసుకుంటే తప్ప గోడ తేలిపోతుంది. ఆ రెండు రంగులూ నచ్చాయి కదా అని కింద మూడడుగుల వరకు ఒకటి, పైన మరొకటి వేయించుకోవాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. పాత బడుల్లో, ఆసుపత్రుల్లో కింద ముదురు, పైన లేత వేసి మధ్యలో గీత గీసేవారు, అది బాగుండేది, ఎందుకంటే తేడా స్పష్టంగా ఉండేది. ఇంత దగ్గరి రంగులను ఒకదానిపై ఒకటి వేస్తే, డబ్బా చాలక మరొకటి తెచ్చి సరిపెట్టారని చూసేవారు అనుకుంటారు.

రాత్రి వెలుతురు సంగతి. మన ఇళ్లలో ఎక్కువగా వాడేది 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ బల్బు లేదా ట్యూబు. అందులో నీలం పాలు ఎక్కువ. ఆ వెలుగులో బూడిద ఆకుపచ్చ మరింత చల్లబడుతుంది. వెచ్చని ఆకుపచ్చలోని పసుపు అణిగి, రెండూ ఒకదాని దగ్గరికి మరొకటి వస్తాయి. 2700 లేదా 3000 కెల్విన్ పసుపు బల్బు పెడితే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. ఇంతకంటే చిత్రమైన సంగతి ఒకటుంది: రెండు వేర్వేరు మిశ్రమాలు ఒక దీపం కింద అచ్చం ఒకేలా ఉండి, మరో దీపం కిందికి వెళ్లగానే విడిపోవచ్చు. రంగుల శాస్త్రంలో దీన్ని మెటామెరిజం అంటారు. ఉప్పాడ చీరనో బండారులంక చీరనో కొనే ఇల్లాలు దాన్ని దుకాణం దీపాల కింద చూసి ఊరుకోక, మడత విప్పి వాకిట్లోకి తెచ్చి ఎండలో ఒకసారి చూసి గాని డబ్బివ్వదు. పదేళ్లు ఉండవలసిన గోడ రంగును మాత్రం ఆ కుటుంబమే ట్యూబులైటు కింద కార్డు తిప్పి రెండు నిమిషాల్లో ఖాయం చేసేస్తుంది.

విదేశీ రంగును మన సంస్థల మిశ్రమంలో కలిపించేటప్పుడు ఈ చిక్కే ఎదురవుతుంది. రంగులు కలిపే టింటింగ్ మిషన్‌లో ఆ రంగుకు దగ్గరి సూత్రం దొరకవచ్చు, రంగు కొలిచే పరికరంతో ముక్కను చదివించి సూత్రం రాబట్టనూవచ్చు. అయినా వాడిన వర్ణకాలు, అంటే రంగునిచ్చే పదార్థాలు, వేరు కనుక అది దగ్గరి చుట్టమే తప్ప ఆ రంగే కాదు. ఏ వర్ణకాలతో కలిపారన్నది రంగు మన్నికను కూడా నిర్ణయిస్తుంది, అందుకే రెండు దగ్గరి ఆకుపచ్చల మధ్య తేల్చుకోలేని వారికి నేను కలిపిన వర్ణకాల వివరాలుండే చీటీ చూసి నిర్ణయించుకోమంటాను. బూడిద ఆకుపచ్చలు సాధారణంగా పసుపు ఆక్సైడు, నలుపు, కొంచెం థాలో అనే నీలి మొగ్గున్న ఆకుపచ్చ వర్ణకంతో తయారవుతాయి. ఇవి ఎండకూ సున్నపు గుణానికీ తట్టుకునేవి. పిస్తావైపు మొగ్గిన మెరిసే ఆకుపచ్చలకు ఆక్సైడు పసుపు చాలదు, సేంద్రియ పసుపు వర్ణకం కావాలి. అందులో చవక రకాలు లేత ఛాయల్లో ఎండకు త్వరగా వెలిసిపోతాయి. పసుపు పోయి థాలో మిగలడంతో కిటికీ పక్క గోడ క్రమంగా నీలివైపు తిరుగుతుంది. వెనకటి ఎనామిళ్లలో ఈ పసుపు కోసం సీసపు క్రోమేటు వాడేవారు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. పిల్లల ఆరోగ్యం దృష్ట్యా అది అవసరమైన నిబంధన, కాబట్టి పాత ఎనామిలు మెరుపును కొత్త డబ్బాలో వెతకకూడదు.

డెల్టా గోడకు ఉన్న మరో లక్షణం చెమ్మ. నీటిమట్టం పైనే ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇసుకలో, నీటిలో ఉప్పు ఉంటుంది. గోడ అడుగున ఉప్పు పూసి పొరలు లేస్తాయి. కొత్త ప్లాస్టరింగు క్షారగుణం తగ్గక ముందే రంగు వేస్తే ఏమవుతుందో పాత క్రోమ్ గ్రీన్ వాడినవారికి తెలుసు: అందులోని ప్రష్యన్ నీలం క్షారానికి చచ్చిపోయి, పచ్చగా వేసిన గోడ మచ్చలుమచ్చలుగా పసుపెక్కేది. ఇప్పటి వర్ణకాలకు ఆ భయం తక్కువే అయినా, ప్లాస్టరింగు తర్వాత కనీసం 28 రోజులు ఆగి, గోడ ఆరిందని నిర్ధారించుకుని లప్పం, ప్రైమరు వేయడంలో తొందరపడరాదు. ఉప్పు పొడి తెల్లగా ఉంటుంది కాబట్టి బూడిద ఆకుపచ్చ మీద అంతగా కనిపించదు, చిక్కని వెచ్చని ఆకుపచ్చ మీద కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. పచ్చ రంగు వేస్తే పాచి పట్టినా తెలియదని చెప్పే మేస్త్రీలు కూడా ఉన్నారు. అది ప్రహరీగోడ విషయంలో కొంత నిజం. ఇంటి లోపల పట్టేది నల్ల బూజు, అది ఏ రంగునూ మన్నించదు.

పరీక్షించే పద్ధతి గురించి వ్యాసంలో రెండు రంగులనూ గోడ మీద పక్కపక్కన పూసి చూడమన్నారు. దీనితో నేను సగమే ఏకీభవిస్తాను. పక్కపక్కన ఉంచితే, పైన చెప్పిన షెవ్రోల్ సూత్రం ప్రకారం ఒకదాని బూడిదదనం రెండోదాని ఆకుపచ్చను పెంచి చూపుతుంది. లేని తేడా పుట్టుకొస్తుంది. ఇంట్లో ఉండబోయేది ఒకే రంగు. కాబట్టి రెండడుగుల ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకుని, తెల్ల ప్రైమరు మీద ఒక్కొక్కదానికి రెండు కోటింగులు వేసి, అంచు చుట్టూ తెలుపు వదిలి, పూర్తిగా ఆరాక చూడాలి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి ఆరాక చిక్కబడుతుంది కనుక మేస్త్రీ చేతిలోని తడి బ్రష్షును చూసి తలూపరాదు. ముక్కను నేల మీద పడుకోబెట్టకుండా గోడకు ఆనించి నిలబెట్టాలి, ఒక రోజు ఒకటి, మరో రోజు రెండోది ఉంచాలి, కిటికీ గోడకూ ఎదుటి గోడకూ మార్చాలి, ఉదయం, మిట్టమధ్యాహ్నం, దీపాలు వెలిగించాక చూడాలి. ఇంత చేశాక కూడా రెండింటికీ తేడా పక్కపక్కన పెడితేనే తెలుస్తోందంటే, ఏది వేయించినా ఒకటేనని నా అభిప్రాయం. ఆ తర్వాత తుడిస్తే పోని రకం, చీటీలో మన్నికైన వర్ణకాలు ఉన్న రకం చూసి తీసుకుంటే సరిపోతుంది. గదికి కావలసిన మొత్తం రంగును ఒకేసారి కలిపించుకుని, డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో కలగలపడం మాత్రం మరవకూడదు. లీటరుకు రెండు కోటింగుల్లో సుమారు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తాయి కాబట్టి లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. తక్కువ పడిందని నెల తర్వాత తెచ్చిన డబ్బాకూ మొదటి డబ్బాకూ మధ్య తేడా, మీ వ్యాసం పుటంతా చర్చించిన ఆ తేడా అంత ఉండవచ్చు.

సంపాదకులకు నా వినతి ఇది. రంగులను పోల్చే వ్యాసాలు మానివేయమని నేను కోరడం లేదు. పల్లెల్లో కూడా ఇల్లు కట్టుకునేవారు వాటిని ఆసక్తిగా చదువుతున్నారు. అచ్చువేసే ప్రతి రంగు పక్కన సంస్థ సంఖ్య, ఎల్‌ఆర్‌వీ, ఆ రంగును చూసిన గది కిటికీ ఏ దిక్కున ఉంది, కిటికీ బయట ఏముంది, గచ్చు ఏ రంగుది, రాత్రి ఏ బల్బు కింద చూశారు అన్న వివరాలు ఇవ్వండి. రంగుకు పేరు చాలదు, సంఖ్య కావాలన్న పద్ధతి మన దేశానికి కొత్తదేమీ కాదు. రంగులకు మన దేశం ఏర్పరచుకున్న ఐఎస్ 5 ప్రమాణంలో సీ గ్రీన్‌కు 217, ఆలివ్ గ్రీన్‌కు 220 అని ఏనాడో సంఖ్యలు కేటాయించారు. కాగితం మీది రంగు ముక్క కింద, ఇది అచ్చులో మారుతుంది, దీన్ని చూసి రంగు కలిపించవద్దు అన్న ఒక్క వాక్యం చేర్చండి. వీలైతే మీ వ్యాసకర్తను ఇదే జంటతో లంకల్లోని ఒక పెంకుటింట్లో, ఆకివీడు వైపు చెరువు ఎదుటి డాబాలో, రాజమహేంద్రవరంలో పక్క భవనం గోడ కిటికీకి అడ్డం వచ్చే ఒక అపార్టుమెంటులో మళ్లీ చూసి రాయమనండి. పక్క భవనం గోడ ఏ రంగుదైతే ఆ వెలుతురే లోపలికి వచ్చే ఆ మూడో రకం ఇళ్ల గురించి చెప్పగలిగేంత అనుభవం మా పల్లెటూరి దుకాణానికి లేదు, వారు రాస్తే మేమూ చదువుకుంటాం. సంక్రాంతి పనులకు మేస్త్రీలు కుదురుకునేది కార్తీకం వెళ్లగానే కాబట్టి, ఆలోపు ప్రచురించగలిగితే ఈ ఏడాదికే అక్కరకు వస్తుంది.

భవదీయుడు,
రంగుల దుకాణదారు, మీ పాఠకుడు,
రాజోలు, కోనసీమ.